పద్నాలుగుసార్లు తప్పిన టర్కీ కోడి

పార్థసారథి జీవితంలో ఏ పనీ మొదటిసారి చేయలేదు. ఏం చేయాలన్నా ముందు దానికొక ట్రయల్ వేస్తాడు, అది సవ్యంగా వచ్చాకే అసలుదానికి దిగుతాడు. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసీ చేసీ పట్టుకున్న జబ్బని ఆఫీసువాళ్ళు అంటారు. అదంతా ఒట్టిదని ఆయన భార్య శ్యామలాదేవికి తెలుసు. పెళ్ళికి ముందురోజే ఈ మహానుభావుడు విడిదింట్లో తన పినతండ్రి కొడుకు హరికృష్ణని పీటమీద కూలేసి, రెండు కేజీల తలంబ్రాలు వాడి నెత్తిన పోసి, దోసిట్లోంచి ఎన్ని గింజలు పక్కకి జారుతున్నాయో చూసుకున్నాడు. ఈ సంగతి ఆవిడకి మూడుముళ్ళు పడ్డాక తెలిసింది. "ముందే తెలిస్తే ఏం చేసేదానివి?" అని ఎవరైనా అడిగితే, "నేనూ ఒక ట్రయల్ పెళ్ళి చేసుకుని చూసేదాన్ని" అంటుంది.

సింగపూర్ వచ్చాక జబ్బు ముదిరింది. కూతురు దీక్షిత పుట్టబోయే నెలలో, చేతిలో స్టాప్‌వాచీతో, నిండుచూలాలైన భార్యతో, బట్టల సంచితో ముమ్మారు ఆస్పత్రికి ట్రయల్ వెళ్ళాడు. "కొంచెం మూలుగు శ్యామలా, డ్రైవర్ స్పీడు పెంచుతాడో లేదో చూద్దాం" అని బతిమాలాడు కూడా. నాలుగోసారి నిజంగా నొప్పులొచ్చి వెళ్తే, రిసెప్షన్‌లో నర్సు నవ్వుతూ, "ఇవాళ ఎన్ని నిమిషాలు పట్టింది సార్?" అని అడిగింది. నిజం నొప్పులేనని ఆ పిల్లని నమ్మించేసరికి శ్యామలాదేవికి తలప్రాణం తోకకొచ్చింది.

ఈ మనిషితో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లాలు పంతానికి పోయి మాట ఇవ్వకూడదు. కానీ ఇచ్చింది. సింగపూర్‌లో వాళ్ళుండే సెంబవాంగ్ పేటలో వాళ్ళతో కలిపి ఆరు తెలుగు కుటుంబాలున్నాయి. ఏటా ఉగాదినాడు చీటీలు తీసి, ఏ పండగ భోజనం ఎవరింట్లోనో తేల్చుకుంటారు. కిందటేడు వీళ్ళకి వినాయక చవితి వచ్చింది. పార్థసారథి ఉండ్రాళ్ళకి ఏడు వాయిలు ట్రయల్ వేసి, బియ్యప్పిండంతా అవగొట్టి, ఎనిమిదో వాయికి కుక్కర్ మాడ్చేశాడు. వచ్చిన పాతికమందికీ బిస్కెట్లు పంచాల్సి వచ్చింది. ఆ ఆరిళ్ళకీ తలలో నాలుక, నోట్లో మైకు అయిన భానుమతి దానికి 'బిస్కెట్ల చవితి' అని పేరు పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, వాట్సాప్ గ్రూపుకి కొన్నాళ్ళు ఆ పేరే ఉంచింది.

ఈ ఏడు వీళ్ళకి క్రిస్మస్ పడింది. 

"క్రిస్మస్ అంటే టర్కీ ఉండాలి శ్యామలా. అదీ గంటల తరబడి పొగలో మగ్గినది. మీవల్ల ఎక్కడవుతుందిలే, హోటల్నించి తెప్పించేద్దాం" అంది భానుమతి, జాలి ఒలకబోస్తూ.

"ఎందుకవదు? ఇంట్లోనే చేస్తాం. కోడికి కోడిని, ఎక్కడా కొయ్యకుండా" అంది శ్యామలాదేవి. అన్నాక నాలిక్కరుచుకుంది. చేయవలసింది ఆయన మరి. ఆవిడ పులిహోర, పనసపొట్టు కూర చేస్తే ఊరంతా లొట్టలేస్తుంది కానీ పచ్చిమాంసం ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరిస్తుంది. బిస్కెట్ల మచ్చ పోవాలంటే ఆ పక్షి సవ్యంగా ఉడకాలి, భానుమతి నోటితో భానుమతే బావుందనాలి. ఆ ఏడాదికి శ్యామలాదేవి దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే.

జూలైలో చిన్న ఫ్రిజ్ అంత కరెంటు పొగపెట్టె ఒకటి వచ్చి, వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పక్కన కూర్చుంది. కింద అరలో చెక్కపేళ్ళు రాజుకుంటే పై అరలో మాంసం నెమ్మదిగా మగ్గుతుంది. మొదటి ట్రయల్ ఆగస్టులో పెట్టాడు. చైనీయులు పితృదేవతలకి కాగితాలు కాల్చే నెల అది, ప్రతి బ్లాకు కిందా పొగే, మన పొగ ఎవరూ పట్టించుకోరని ఆయన లెక్క. టర్కీకి బదులు మామూలు కోడి. చెక్కపేళ్ళు ఇంకా రాలేదు. "పొగ పొగేగా" అని పూజగదిలోంచి గుప్పెడు సాంబ్రాణి తెచ్చి పోశాడు.

అప్పుడు ఆ బ్లాకుకి రంగులు వేస్తున్నారు. తొమ్మిదో అంతస్తు కిటికీ బయట, తాళ్ళకి వేలాడే తొట్టిలో నిలబడి ఒకతను గోడకి రోలర్ దొర్లిస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. హెల్మెట్ మీద తెలుగులో 'దానయ్య, సోంపేట' అని రాసుకున్నాడు. రోలర్ ఆపి గట్టిగా వాసన పీల్చాడు.

"ఏటండి బాబూ, ఇంట్లో బాలింత ఉందేటండి?"

"లేదయ్యా. కోడికి పొగ పెడుతున్నా."

"కోడి పురుడు పోసుకుందేటండి?"

శ్యామలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పార్థసారథికి మాత్రం ఆ మాటల్లో తన సరుకుని సూటిగా అంచనా కట్టిన పరీక్షకుడు కనిపించాడు. తొడ ముక్క ఒకటి తీసి కిటికీలోంచి చాపాడు. "ఒద్దండి. నేనూ మావోళ్ళూ ఎవరికాడా ఊరికే తినవండి" అని దణ్ణం పెట్టి దానయ్య తొట్టిని కిందికి దించుకున్నాడు. పార్థసారథి ముక్క పక్కన పెట్టి, హెల్మెట్ మీది పేరు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. 

ఆ తర్వాత ట్రయల్స్ ఆదివారాలకి మారాయి. ఆదివారం శ్యామలాదేవి తెలుగు బడికి పోయి పదినుంచి రెండుదాకా పిల్లలకి ఒత్తులూ గుణింతాలూ చెబుతుంది. వచ్చేసరికి వంటిల్లు కడిగి ఉంటుంది, కోడి మాత్రం ఉండదు. 

"ఏమైందండీ?"

"ఫెయిల్. పారేశాను."

రెండోది ఫెయిల్. మూడోది ఫెయిల్. నాలుగోదాన్ని ఉప్పునీళ్ళలో ఊరబెట్టడానికి అత్తగారిచ్చిన ఆవకాయ జాడీ వాడాడు, అది మరీ ఫెయిల్. ఆరోదానికి బాతు. పై అంతస్తు గో ఆంటీ కిటికీ బయట వెదురుగడకి ఆరేసిన దుప్పట్లకి పొగ పట్టి, ఆవిడ మండిపడుతూ దిగి వచ్చింది. "అంకుల్, మై బెడ్‌షీట్ ఆల్ బక్ క్వా స్మెల్ లా!" అంది, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో. బక్ క్వా అంటే చైనా కొత్తసంవత్సరానికి వాళ్ళు నిప్పుల మీద కాల్చుకు తినే తియ్యటి మాంసం. పార్థసారథి క్షమాపణ చెప్పి, వెంటనే నోట్‌బుక్ తీశాడు. "వాసన పదికి ఎంత వేస్తారు ఆంటీ?" ఆవిడ తిట్టబోయి, ఒక్క క్షణం ఆలోచించి, ఎనిమిది వేసి వెళ్ళింది.

ఇంట్లో అగ్గి అలారం ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. "మా, నాన్న మళ్ళీ మోగించారు లా! ఐ యామ్ స్టడీయింగ్!" అని దీక్షిత గదిలోంచి అరుస్తుంది. "మోగితే మంచిదే, అలారం పని చేస్తోందని తేలింది" అంటాడు తండ్రి.

శ్యామలాదేవికి అనుమానం మొదలైంది పదకొండో ట్రయల్ తర్వాత. రేకు కాగితంలో ఒక రెక్క మిగిలిపోయి ఫ్రిజ్ మూల దొరికింది. మాంసం వండదు కానీ తింటుంది. కొరికి చూసింది. చర్మం కరకరమంది, లోపల వెన్నలా విడిపోయింది, పొగవాసన గొంతులో తియ్యగా నిలిచింది. 

"ఇది ఫెయిలా?" అని నిలదీసింది.

"నా ప్రమాణాలు వేరు శ్యామలా" అన్నాడాయన, ఎటో చూస్తూ. 

మాంసం ఫలానా హలాల్ కొట్టునుంచే తేవాలని పట్టుబట్టి, రెండు బస్సులు మారి అంత దూరం ఎందుకు పోతున్నాడో కూడా ఆవిడకి అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటే. ఈయనకి ట్రయల్ మీదున్న ప్రేమ పండగ మీద లేదు. క్రిస్మస్ నాడు కూడా ఫెయిల్ అని చేతులు దులుపుకుంటాడు, భానుమతి గ్రూపుకి ఇంకో పేరు పెడుతుంది.

డిసెంబరు ఇరవై నాలుగున నిజం టర్కీతోనే పద్నాలుగో ట్రయల్ జరిగింది. దాని పేరు జనరల్ రిహార్సల్. సాయంత్రానికి అదీ ఫెయిలై మాయమైంది. 

ఇరవై ఐదు తెల్లవారుజామునే లేచి, రెండో టర్కీకి మిరియాలూ వెల్లుల్లీ పట్టించి, పెట్టెలో పెట్టి, స్విచ్ వేసి, ఏడు గంటలు పడుతుందని చెప్పి పార్థసారథి నడుం వాల్చాడు. అతిథులు ఒంటిగంటకి వస్తారు. ఆరు కాకముందే శ్యామలాదేవి పూలకీ కరివేపాకుకీ మార్కెట్‌కి బయల్దేరింది. బయల్దేరేముందు, పుట్టింట్లో తల్లి అలవాటు చేసినట్టు, ఇంట్లో స్విచ్చులన్నీ వరసపెట్టి ఆపింది. ఫ్యాను, లైటు, మిక్సీ, వాషింగ్ మెషీను, దాని పక్కనున్న ఇంకోటి. చెయ్యి దానంతటదే పోయింది, మనసు కరివేపాకు మీదుంది. 

ఎనిమిదిన్నరకి తిరిగొస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంది. పొగ లేదు, అలారం లేదు. పెట్టె తలుపు తీస్తే టర్కీ పచ్చిగా, సుఖంగా పడుకునుంది. లోపలి థర్మామీటర్ ముప్ఫై ఒకటి చూపిస్తోంది. అది సింగపూర్ గాలి వేడి. ఆవిడ చూపు పొద్దున తను ఆపిన స్విచ్ మీద పడింది. 

పార్థసారథి లేచి వచ్చాడు. స్విచ్ వైపు చూశాడు, భార్య మొహం చూశాడు. "ప్లగ్గు లూజు అయ్యుంటుంది. నేను సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. 

"నేనే ఆపానండీ" అంది ఆవిడ ఏడుపు గొంతుతో. "ఇప్పుడు మళ్ళీ పెడదాం. ఒంటిగంటకి కాకపోతే మూడింటికి..."

"వద్దు. ఈ ఉక్కలో అంతసేపు పడున్న పచ్చిమాంసం ఎవరికీ పెట్టకూడదు." ఆ విషయంలో ఆయన టెస్టరే. 

"పోనీ నిన్నటిదేది?"

"ఫెయిల్ కదా. పారేశానుగా."

"ఎక్కడ పారేశారు?"

"కారిడార్‌లో చెత్త గొట్టంలో."

శ్యామలాదేవి చేతులు నడుంమీద పెట్టుకుంది. "ఏమండీ, ఆ గొట్టం నోరు నా పళ్ళెమంత లేదు. ఏడు కేజీల టర్కీ అందులో ఎలా పట్టింది? అది కూడా ట్రయల్ వేసి తోశారా?"

పార్థసారథి తల గోక్కున్నాడు. తొమ్మిది దాటుతోంది. "క్రాంజీలో ఉంది" అన్నాడు చివరికి. 

టాక్సీలో మొత్తం కక్కాడు. ఆ రంగులేసే దానయ్యని మర్నాడే వెతుక్కుంటూ పోయాడట. క్రాంజీలో పనివాళ్ళ డార్మిటరీలో ఉంటాడు, గదికి పన్నెండుమంది. ఆదివారం సెలవు. ఊరికే పెడితే తినరు. అందుకని, "బాబ్బాబు, నేను ట్రయల్ వేస్తున్నాను, నాకు రుచి చూసి మార్కులు వేసేవాళ్ళు కావాలి, మీరు తినకపోతే నా పని ఆగిపోతుంది" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. పని అనగానే ఒప్పుకున్నారు. 

"పదికి పది వస్తే పాసు అన్నాను శ్యామలా. పాసైపోతే మళ్ళీ ఆదివారం ఏం వంక చెప్పి పట్టుకెళ్ళను? అందుకే ప్రతిసారీ ఏదో ఒకటి కావాలని కాస్త తగ్గిస్తున్నాను. వాళ్ళకి తెలీదు. ఇచ్చినదాన్ని ఇప్పుడు వెనక్కి అడగలేను."

"మీరు అడగక్కర్లేదు. నేనడుగుతాను" అంది శ్యామలాదేవి కిటికీలోంచి చూస్తూ. పన్నెండుమంది సంగతి విని మనసు మెత్తబడిన మాట నిజమే. కానీ ఒంటిగంటకి భానుమతి వస్తుందన్న మాట కూడా నిజమే.

డార్మిటరీ గేటు బయట రేకుల నీడలో చాపలు పరిచి, డ్యూటీకి పోయిన ఒక్కడు తప్ప మిగతా పదకొండుమందీ కూర్చుని ఉన్నారు. అందరూ తలంట్లు పోసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. మధ్యలో పేపర్ల మీద టర్కీ, చెక్కు చెదరకుండా, నిగనిగలాడుతూ. పక్కన ఒక నోట్‌బుక్, పెన్ను. సెలవు పూట తీరిగ్గా పరీక్ష పెడదామని రాత్రంతా వంటగది ఫ్రిజ్‌లో దాచారట.

"సారొచ్చారు, లేవండ్రా!" అని దానయ్య కేకేశాడు. "మీరు అమ్మగోరేనేటండి? కూకోండి, కూకోండి." 

యాకూబ్ అనే కరీంనగర్ కుర్రాడు తన తువ్వాలు మడిచి ఆవిడకి ఆసనం వేశాడు. "సార్ మస్తు కష్టపడతడమ్మా. నా కోసమే హలాల్ కోడి తెస్తడు. గిప్పటికి పదమూడుసార్లు ఫెయిలైండు, మనిషి మాత్రం హిమ్మత్ ఇడుస్తలేడు" అన్నాడు ఎంతో జాలిగా.

పార్థసారథి వినయంగా తల దించుకున్నాడు. ఆయన మిగతావాళ్ళని పలకరిస్తుంటే దానయ్య శ్యామలాదేవి పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. 

"అమ్మగోరూ, సారుతో అనకండేం. ఆరి వంట మూడో వారానికే పాసండి. అంత బాగుంటాది. కానీ పాసని సెప్పీస్తే ఇంక మరి రారు గదండి. కోడి గురించి కాదండి. సారు మాతోటి సాపమీద కూకుని, ఊరి కబుర్లడిగి, పేరుపేరునా మావోళ్ళ పిల్లల సదువులడుగుతారండి. ఆదోరం అంటే ఆరొచ్చే రోజే మాకు. అందుకని అందరం మాటాడుకుని వారం వారం అర మార్కు కోసీస్తన్నాం. పాపం సారుకి తెల్దండి."

శ్యామలాదేవికి నవ్వు తన్నుకొచ్చింది. ఈయన వాళ్ళని మోసం చేస్తున్నాననుకుంటున్నాడు, వాళ్ళు ఈయన్ని మోసం చేస్తున్నామనుకుంటున్నారు, మధ్యలో కోళ్ళు పోతున్నాయి. ఇరవై ఏళ్ళుగా విసుక్కున్న మనిషిని కొత్తగా చూసింది. ఎంత మంచివాడివయ్యా బాబూ, అనుకుంది. టర్కీని వెనక్కి అడగడానికని తెరిచిన నోరు మరోలా మాట్లాడింది.

"చూడు దానయ్యా, ఇవాళ పరీక్ష ఇక్కడ కాదు. మా ఇంట్లో. కోడితో సహా అందరూ బయల్దేరండి."

"అయ్యో, పండగపూట మీ సుట్టాలొస్తారు గదండి. మేం ఊరికే రాకూడదండి."

"ఊరికే ఎవరు రమ్మన్నారు? మీరు పదమూడుసార్లు ఫెయిల్ చేసిన వంట. మీ సంతకం లేకుండా పాతికమందికి ఎలా వడ్డించను? రేపు ఏదైనా తేడా వస్తే బాధ్యత మీదా, నాదా?"

పదకొండుమందీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. బాధ్యత అంటే కాదనలేకపోయారు.

క్రాంజీనుంచి సెంబవాంగ్ ట్రైన్‌లో నాలుగు స్టేషన్లు. దురియాన్ పండు ఎక్కించకూడదని బోర్డుంది కానీ టర్కీ గురించి ఏమీ లేదు. దానయ్య దాన్ని రేకులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బారసాల పిల్లాణ్ణి ఎత్తుకున్నంత జాగ్రత్తగా కూర్చున్నాడు. పెట్టెలో వాళ్ళందరూ వాసనకి తలలు తిప్పి చూశారు. ఒక ముసలాయన లేచి వచ్చి, ఎక్కడ కొన్నారని అడిగి వెళ్ళాడు. 

ఇంటికొచ్చి పొగపెట్టెలో మళ్ళీ బాగా వేడెక్కించారు. ఈసారి స్విచ్ దగ్గర దీక్షితని కాపలా కూర్చోబెట్టారు. ఒంటిగంటకి భానుమతి వచ్చింది, చేతిలో బకెట్టెడు వేయించిన చికెన్‌తో. "ఎందుకైనా మంచిదని తెచ్చాను శ్యామలా. బిస్కెట్లు మాత్రం మర్చిపోయాను" అంది. హాల్లో కొత్తవాళ్ళని చూసి కనుబొమలు ఎగరేసింది. "మా పరీక్షకులు" అని శ్యామలాదేవి పరిచయం చేసింది. 

పార్థసారథి టర్కీని కోశాడు. అందరి పళ్ళాల్లోకీ ముక్కలు వెళ్ళాయి. భానుమతి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఆరు కుటుంబాలూ చూడటం అదే మొదటిసారి. ఇంకో ముక్క వేసుకుంది. తర్వాత చెయ్యెత్తి అందరికీ వినబడేలా అంది. 

"ఒప్పుకుంటున్నా శ్యామలా. పదికి పది! హోటళ్ళవాళ్ళు కూడా ఇలా చేయలేరు."

ఈ మాట కోసమే శ్యామలాదేవి ఉగాదినించి దేవుడికి దణ్ణం పెడుతోంది. మళ్ళీ చెప్పమందామనిపించింది, ఫోన్లో రికార్డు చేద్దామనిపించింది. అప్పుడే పార్థసారథి చేతిలో గరిటె ఆగిపోవడం కనబడింది. గోడవారన కూర్చున్న పదకొండుమందీ తినడం మానేశారు. పది అంటే పాసు. పాసైతే పరీక్ష అయిపోయినట్టు. దానయ్య నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు.

శ్యామలాదేవి ఒక ముక్క తీసుకుని నిదానంగా నమిలింది. జన్మలో అంత మంచి ముక్క తినలేదు. 

"తొమ్మిదిన్నర" అంది. 

"అదేంటి?" అంది భానుమతి. 

"రొమ్ము దగ్గర కాస్త ఆరిపోయింది భానూ. నీకు తెలీదులే. ఏమండీ, ఇది పాసవలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ పెట్టాల్సిందే. బడికి సెలవు పెట్టి నేనూ వస్తాను."

"అమ్మగోరు సెప్పింది నిజవేనండి" అన్నాడు దానయ్య గంభీరంగా. "నేనూ అరమార్కు కోసీసేను." యాకూబ్ వెంటనే అతని ఒళ్ళోని నోట్‌బుక్ తీసుకుని రాసుకున్నాడు. పార్థసారథి మొహం వెలిగిపోయింది. ఫెయిలైనందుకు అంత సంతోషించిన మనిషిని దీక్షిత ఎప్పుడూ చూడలేదు. "నాన్న ఓకేనా మా?" అని అడిగింది.

కాసేపటికి శ్యామలాదేవి ఫోన్ టింగుమంది. గ్రూపులో భానుమతి మెసేజ్: 'టర్కీ ఏదో పర్లేదు. పాపం వాళ్ళకి వాళ్ళే ఫెయిలని ఒప్పేసుకున్నారు.' ఆవిడ చదివి, దానికొక బొటనవేలి బొమ్మ పెట్టి, మారు వడ్డించడానికి గరిటె పట్టుకుని లేచింది.